చిన్న గదిలో వెలుగు

కడప జిల్లాలో పూర్వము కట్టిన మట్టిమిద్దెలలో గదులు తరచుగా చిన్నవిగనే యుండును. దానికి కారణము లేకపోలేదు. మిద్దె బరువును మోయునవి దూలములు. దూలమెంత పొడవో గది అంతకు మించి వెడల్పు కాజాలదు. ఎండకాలమున 40 డిగ్రీలు దాటు వేడిని ఆపుటకై గోడలను మందముగా కట్టి, కిటికీలను చిన్నవిగా ఉంచెడివారు. అట్టి గదిలో చల్లదనము లభించును గాని, వెలుగు కొఱవడును. వెలుగు లేని గది ఉన్నదానికంటె ఇరుకుగా తోచును. గోడలను జరుపుట మన వశము గాదు. వెలుగును పెంచుకొనుట మాత్రము మన చేతిలోని పనియే. ఈ సంగతిని నేను జమ్మలమడుగులోని మా యింటనే నేర్చుకొంటిని.

మా వెనుక గది పొడవు 11 అడుగులు, వెడల్పు 8 అడుగులు. నేలమీద నల్లని నాపబండలు. పైన పొగచూరిన దూలములు, దంతెలు. గోడలకు ఎన్నడో పూసిన ముదురాకుపచ్చ రంగు. పగటివేళ వచ్చు వెలుగంతయు మిద్దెకు పెట్టిన గవాక్షి నుండి దిగునదే. వాన వచ్చినప్పుడు దానిని బండతో మూయగా అదియు ఉండెడిది కాదు. ఒక గాదె, రెండు ట్రంకుపెట్టెలు, ఒక నులకమంచము, గోడ పొడవునను బట్టల దండెము ఆ గదిలోనే యుండెను. నేనును తమ్ముడును మిగిలిన చోట చాప పరచుకొని చదువుకొనెడివారము.

1986వ సంవత్సరమున మా జేజికి చూపు మందగించెను. ఆమె అప్పుడు ప్రొద్దుటూరులో మా చిన్నాయన యింట నుండెను. అది అంగడిపై కట్టిన మేడ యిల్లు. మెట్లెక్కి దిగుట ఆమెకు ప్రమాదముగా నుండెను. నాయన ఆమెను మా యింటికి పిలుచుకొని వచ్చెను. ఆమె వెనుక గది వాకిట నిలిచి, చేతితో గోడ తడవి చూచి, "ఈ గూట్లో నాకు తావేది నాయనా? నేనొస్తే పిల్లోళ్లు యాడ చదువుకుంటారు?" అనెను. మరునాటి బస్సులోనే తిరిగి పోయెను. ఆ రాత్రి నాయన అన్నము సరిగా తినలేదు. మరియొక గది కట్టుటకు మాకు డబ్బును లేదు, స్థలమును లేదు.

పది దినముల తరువాత నేను నాయనతో ప్రొద్దుటూరికి పోయితిని. అది బంగారు వ్యాపారమునకు పేరువడిన ఊరు. చిన్నాయనతో బజారున నడచుచు నేనొక చిన్న నగల అంగడిని చూచితిని. దాని వెడల్పు ఆరడుగులకు మించదు. ఐనను లోపల కూర్చున్నవారికి ఇరుకుగా నున్నట్లు కనబడలేదు. వెనుక గోడకు ఒక నిలువుటద్దమును బిగించియుండిరి. అందులో ఎదుటి వీధియు, వచ్చిపోవు జనులును కనబడుచుండిరి. చూపు గోడ దగ్గర ఆగక వీధి దాక పోవుచుండెను. "చూసినావా, అద్దం చోటివ్వదు, చూపును ఆపకుండా ఉంటుంది, అంతే" అని చిన్నాయన నవ్వెను. నాయన మాటాడలేదు గాని, ఆ అంగడి ముందు చాలసేపు నిలిచెను.

ఇంటికి వచ్చిన పిదప ఆయన సున్నము తెప్పించెను. సున్నపురాయిని బట్టీలో కాల్చినపుడు దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి కాల్చిన సున్నము మిగులును. దానిపై నీరు పోయగా అది వేడెక్కి, బుసబుస పొంగి, వెన్నవలె మెత్తనగును. దానిని పలుచగా కలిపి గోడకు పూసినచో గాలిలోని బొగ్గుపులుసు వాయువును మరల గ్రహించి క్రమముగా గట్టిపడి తిరిగి రాయియే యగును. మా కాళ్లక్రింది నాపబండయు సున్నపురాతి జాతిదే. ఇతర పదార్థములు కలియుటచేత అది నల్లనయ్యెను. కాలి, కరిగి, గోడకెక్కినది తెల్లనయ్యెను.

మేము పాత రంగును గీకివేసితిమి. దూలముల మసిని తుడిచితిమి. సున్నములో జిగురును, చిటికెడు నీలిమందును కలిపి, గోడలకే గాక దూలముల నడుమ కప్పునకు గూడ మూడు మారులు పూసితిమి. నీలిమందు సున్నములోని పసుపుచాయను అణచి తెలుపును హెచ్చించును. ముదురాకుపచ్చ గోడ తనపై బడిన వెలుగులో చాలవరకు మ్రింగివేయును. క్రొత్తగా సున్నము పూసిన గోడ నాలుగింట మూడు పాళ్లకు పైగా తిరిగి పంపును. గవాక్షి నుండి దిగు ఆ కొద్ది వెలుగే ఒక గోడనుండి మరియొక గోడకు ప్రాకి మూలమూలకును చేరెను.

పులివెందులలో కాపురమున్న మా అక్క ఇది విని ఉత్తరము వ్రాసెను. ఆమె అద్దెకున్న గది రైలుపెట్టెవలె పొడవుగా, సన్నగా నుండెడిది. లేతరంగులును, నీలపు చాయలును గోడను దూరము జరిపినట్లు చూపును. ముదురురంగులును, ఎఱుపు చాయలును దగ్గరకు తెచ్చినట్లు చూపును. అందుచేత ఆమె పొడవు గోడలకు లేతరంగు వేసి, చివరనున్న పొట్టిగోడకు మాత్రము జాజురంగు వేసెను. ఆ గోడ ముందునకు వచ్చినట్లు తోచి గది చదరమైనట్లుండెను. పులివెందుల ప్రాంతమున దొరకు ముగ్గురాయి పొడిని రంగులకు నిండుదనమిచ్చుటకై వాడుదురని కూడ ఆమె వ్రాసెను. మా గది అంత సన్నము గాదు గనుక మేము నాలుగు గోడలను తెల్లగనే ఉంచితిమి.

పిమ్మట సామానుల వంతు వచ్చెను. అమ్మ గాదెను వసారాలోనికి మార్పించెను. పెట్టెలు మంచము క్రిందికి చేరెను. దండెము ఒక మూలకు జరిగెను. గోడలనిండ వ్రేలాడుచున్న పాత క్యాలెండర్లను తీసి ఒక్క పటమును మాత్రము ఉంచితిమి. మా పుస్తకములు గూళ్లలోనికెక్కెను. వాకిటికి ఎదురుగా ఒక అద్దమును తగిలించితిమి. అందులో పెరటిలోని వేపచెట్టు కనబడుచుండెను. అమ్మ గడపకు చిక్కగా పసుపు పూసెను.

సంక్రాంతికి జేజి వచ్చెను. తెల్లని గోడ ఎచట ముగిసి నల్లని నేల ఎచట మొదలగునో, పచ్చని గడప ఎచట నున్నదో ఆమె మసక చూపునకు గూడ తెలియుచుండెను. ఎవరి చేయియు పట్టుకొనక ఆమె నడచి వచ్చి మంచముమీద కూర్చుండెను. కొంతసేపు నలుదెసల చూచి, "గోడలు యాడికి జరిపినార్రా?" అని అడిగెను. నాయన మొగము త్రిప్పుకొని పెరటిలోనికి పోయెను. జేజి ఆ గదిలో ఆరేండ్లు ఉండెను. మేము చదువుచుండగా ఆమె పత్తితో వత్తులు చేయుచుండెడిది. మేము చదువుట ఆపినచో ఏమాయెనని అడిగెడిది.

నేడు మట్టిమిద్దెలు అరుదైనవి. రంగుల అంగళ్లలో వందల వన్నెలు దొరకుచున్నవి. ఐనను చిన్న గదిలో కాపురముండువారు నేటికిని అనేకులు. వారు రంగు కొనుటకు ముందు తమ గదిలోనికి వెలుగు ఎచటినుండి వచ్చుచున్నదో, దానిని ఏ వస్తువు అడ్డుచున్నదో చూడవలెను. అక్కరలేని సామానును బయటికి పంపవలెను. ఆ గదిలో ఎవరికి చోటు కావలసియున్నదో ఆలోచింపవలెను. మా గది ఒక్క అంగుళమైనను పెరుగలేదు; ఐనను అందులో జేజికి మంచమును, మాకు చాపయు పట్టినవి.