వాము పువ్వు, లవంగ నూనె

పాత కాగితాలు బాగుచేసే గదులకు ఒకప్పుడు ఒక వాసన ఉండేది: డెక్స్‌ట్రిన్ జిగురు పులవకుండా కలిపే లవంగ నూనె, దూదికి అంటిన అసిటోన్, చెక్క అల్మారా అడుగున 40 వాట్ల బల్బు వెలుగుతుంటే సాసర్లోంచి మెల్లగా ఆవిరయ్యే వాము పువ్వు. బూజు పట్టిన దస్తావేజులను ఆ అల్మారాలో కొన్నాళ్ళు మూసిపెడితే బూజు చచ్చేది. మా ఊపిరితిత్తుల సంగతి ఎవరూ అడగలేదు, సాయంత్రానికి తల దిమ్మెక్కేది, ఇంటికెళ్తే బాలింత గది వాసన వస్తోందనేవారు. ఆ అల్మారా పోయినందుకు నాకు బెంగ లేదు.

బెంగ పెట్టుకోదగ్గది మరొకటి ఉంది, అదీ పోయి మంచే జరిగింది. చిరుగుతున్న కాగితానికి రెండు వైపులా అసిటేట్ రేకు, దాని మీద పల్చటి టిష్యూ పరిచి, అసిటోన్‌లో ముంచిన దూదితో నడిమి నుంచి అంచులకు రాసుకుంటూ పోతే అన్నీ ఒకటైపోయేవి. 1950లలో ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఓ.పి. గోయల్ రూపొందించిన ఈ పద్ధతికి యంత్రమూ కరెంటూ అక్కర్లేదు, మన దేశానికి అచ్చంగా సరిపోయిందనుకున్నారు. తీరా ఆ రేకే కాలక్రమేణా ఆమ్లం వదులుతుందని తేలింది. ఇప్పుడు జపాను టిష్యూ, గోధుమ గంజి, తడిపితే ఊడొచ్చే అతుకులు. ఒక తరం అంటించినదాన్ని ఇంకో తరం ఊడదీయడం ఈ వృత్తిలో మామూలే.

మా జంషెడ్‌పూర్‌ను ఉక్కు ఊరంటారు గానీ, ముందు పుట్టింది కాగితమే. 1912లో మొదటి ఉక్కు దిమ్మె రాకముందు ఎన్ని డ్రాయింగులో. సాక్చీ పేరు 1919లో జంషెడ్‌పూర్‌గా మారాక ఇంజనీరు టెంపుల్, 1940లలో వాస్తుశిల్పి కోనిగ్స్‌బెర్గర్ గీసిన పట్టణ ప్రణాళికలు వేరే. బ్లూప్రింట్ జాతకమే విచిత్రం: ఆమ్లం తినేసే తక్కిన కాగితాలకు క్షారం మందైతే, దీనికి అదే విషం, నీలం కాస్తా వెలిసిపోతుంది, వెలుతురుకు పాలిపోయినదాన్ని చీకట్లో ఉంచితే మాత్రం కొంత రంగు తిరిగొస్తుంది. ఆ తర్వాత అమ్మోనియా ప్రింట్లు వచ్చాయి, కళ్ళు మండించాయి, అవీ పోయాయి. పారేసిన ట్రేసింగ్ గుడ్డను ఉడకబెట్టి గంజి వదిలిస్తే మెత్తటి నార గుడ్డ మిగిలేది. దానితో జేబు రుమాళ్ళు కుట్టుకునేవారు. అవి ఏ పత్రాగారంలోనూ దొరకవు.

ఇక మనవాళ్ళ ఫోటోలు. శ్రీకాకుళం, విశాఖల నుంచి వచ్చి కద్మా, బిష్టుపూర్ క్వార్టర్లలో స్థిరపడినవాళ్ళ ఇళ్ళల్లో పెద్దల పటాలను అద్దానికి ఆనించి బిగించేవారు. సువర్ణరేఖ, ఖర్కాయి నిండుగా పారే నెలల్లో గోడ చెమ్మ వెనక నుంచి ఎక్కి, ఫోటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దానికే అతుక్కుపోయేది. ఊడదీస్తే ముఖం అద్దంతోపాటే వచ్చేస్తుంది, అలాగే ఉంచి పైనుంచి మరో ఫోటో తీసుకోండంటే, ఇంత చదువూ చదివి చెప్పేది ఇదా అన్నట్టు చూసేవారు. అద్దం మీద ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమను మురికి కింద తుడవాలా, ఉంచాలా అన్నది మాకు నేర్పిన పాఠాల్లో లేదు. నేను తుడిచేవాణ్ణి కాదు. తమాషా ఏమిటంటే, నలుపు తెలుపుల్లో తాతగారు నిక్షేపంగా ఉండేవారు. 70లలో కలర్లో తీయించుకున్న మనవరాలి పెళ్ళి ఎర్రబారిపోయేది.

ఇప్పుడు ఫోన్లో స్కాన్ చేస్తే మరకలన్నీ క్షణంలో పోతాయి, వాటితోపాటు కుంకుమా పోతుంది. అట్ట వెనక స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన ఊరి పేరు, ఆసరాకి పెట్టిన పాత హిందీ పేపరు ముక్క ఫ్రేముతోపాటు చెత్తలోకి వెళ్తాయి. ముఖం మాత్రం, నిజం చెప్పాలి, నా చేతి పనిలో ఎన్నడూ అంత తేటగా రాలేదు.