పెట్టెలో దొరికిన బిళ్ళ



పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘపు పెద్దమ్మగారు ఒకరు కొంగున ఏదో మూట కట్టుకుని, అందరూ వెళ్ళేదాకా గుడి మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.

మూట విప్పితే బెల్టుకు పెట్టే బిళ్ళ. తళతళ మెరుస్తోంది. మధ్యలో గద్ద, దాని కాళ్ళ కింద వంకరగా నిలబెట్టిన స్వస్తిక్, చుట్టూ ఇంగ్లీషు లాంటి అక్షరాలు.

"అయ్యగారూ, మా మామగారు యుద్ధం నుంచి తెచ్చారు. వెండిదేనంటారా?"

సంగతి అది కాదు. పట్నంలో ఒకాయన ఫోనులో ఫోటో చూసి, జర్మనీ సరుకు, లక్షన్నర పలుకుతుంది, సర్టిఫికెట్టుకు ముందు ఐదు వేలు పంపండి అన్నాడట. మనవరాలి నర్సింగు రెండో ఏడాది ఫీజుకు మూడు వారాలే గడువు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. అక్కడికక్కడే ఆ బిళ్ళ చేతిలో పట్టుకుని, ఈ కుటుంబం అవసరం కోసం దీన్ని ఇన్నేళ్ళు దాచి ఉంచావు ప్రభువా అని ప్రార్థన చేసేశాను. ఆవిడ కళ్ళనీళ్ళతో ఆమేన్ అన్నారు. ప్రార్థన చేస్తూనే నా మనసు లక్షన్నరలో దశమభాగం పదిహేను వేలని లెక్క కట్టింది. గుడి వసారాకు కొత్త రేకులు కూడా వేసేసింది.

ఐదు వేలు మాత్రం పంపవద్దని చెప్పాను. ఆ ఒక్క బుద్ధి మిగిలింది.

సోమవారం మన కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాను. గీటురాయి కూడా తియ్యలేదు. చేత్తో ఎగరేసి పట్టుకుని, "ఇది సత్తు అయ్యగారూ" అన్నాడు. మనం అన్నం వండుకునే సత్తు గిన్నె ఏదో ఇదీ అదే. ఆ రాత్రి నుంచి వారం రోజులు ఇలాంటి వస్తువుల గురించి చదివాను. సెమినరీలో గ్రీకుకు కూడా అంత కష్టపడలేదు.

1930ల చివర్లో జర్మన్ సైన్యం సిపాయిల బిళ్ళలు చాలావరకు సత్తుతో చేసేవారు. తర్వాత ఉక్కుతో చేసి రంగు వేశారు. కాబట్టి అయస్కాంతం అంటకపోయినంత మాత్రాన వెండి కాదు, నకిలీ కూడా కాదు. అసలువి రేకును అచ్చుతో గట్టిగా నొక్కి చేసినవి, అందుకే వెనక్కి తిప్పితే గద్ద గుంటగా కనిపిస్తుంది. పోత పోసిన నకిలీల్లో ఈకలు మొద్దుబారి, అక్షరాల అంచులు కరిగిన సబ్బులా ఉంటాయి. కొన్నింటికి వెనక తోలుముక్క ఉంటుంది, దానిపై తయారీదారు పేరు, సంవత్సరం ముద్రిస్తారు. మన బిళ్ళకు ఆ తోలు సగం చిరిగినా 1938 అని చదవగలిగాను. అసలుదే.

అసలుదే కానీ విలువైనది కాదు. కోటిమందికి పైగా పనిచేసిన సైన్యం అది. అలాంటివి విదేశాల్లో మామూలుగా వంద డాలర్లకు అటూ ఇటూ దొరుకుతాయి. ఇనుప సిలువ అనే ప్రసిద్ధ పతకం కథ కూడా ఇంతే. 1813లో ప్రష్యా రాజు మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండో తరగతిది దాదాపు యాభై లక్షల మందికి ఇచ్చారు, అందుకే అది అంత అరుదు కాదు. పైగా సేకరించేవాళ్ళు పాత రంగు, పాత మసక కోరుకుంటారు. మన పెద్దమ్మగారింట్లో ప్రతి క్రిస్మస్‌కూ బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమారు. ఆ మెరుపే ధర పడగొట్టింది.

అక్షరాల దగ్గర ఆగిపోయాను. "గాట్ మిట్ ఉన్స్". దేవుడు మనకు తోడు. ఇమ్మానుయేలు! ప్రష్యా సిపాయిల బిళ్ళల మీద కిరీటంతో ఉన్న మాటే హిట్లరు కాలంలో గద్ద చుట్టూ చేరింది. యూదులను చంపించిన ప్రభుత్వపు సైనికుడు పొట్ట మీద ఈ మాట కట్టుకుని తిరిగాడు. మందసాన్ని యుద్ధానికి మోసుకెళ్ళి ముప్పై వేల మందిని, చివరికి మందసాన్నీ పోగొట్టుకున్న ఇశ్రాయేలీయులు గుర్తొచ్చారు. ఆ వెంటనే బిళ్ళ చేతిలో పట్టుకుని నేను చేసిన ప్రార్థన కూడా గుర్తొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గుంటూరుకు 1842లో సువార్త తెచ్చిన ఫాదర్ హయ్యరు గారు పుట్టిందీ జర్మనీలోనే. ఒకే దేశం నుంచి మనకు ఈ మాట రెండు దారుల్లో వచ్చింది.

శనివారం ఆవిడ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. నా ప్రార్థన తొందరపాటని, దశమభాగం లెక్క సంగతీ చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మామగారి మాట చెప్పారు.

ఆయన మద్రాసు సాపర్స్‌లో పనిచేశారు. 1943 మేలో ట్యునీషియాలో జర్మన్ సేనాధిపతి వాన్ ఆర్నిమ్ మన 4వ డివిజన్ వారికి లొంగిపోయాడు, రెండు లక్షలకు పైగా ఖైదీలు. వాళ్ళలో ఒక కుర్రాడు దాహంతో ఉంటే మామగారు తన సీసాలో నీళ్ళు ఇచ్చారట. ఆ కుర్రాడి దగ్గర బదులివ్వడానికి ఏమీ లేక బెల్టు విప్పి ఇచ్చాడట. ప్యాంటు జారిపోకుండా చేత్తో పట్టుకుని లైనులో నడిచి వెళ్ళాడని మామగారు నవ్వుతూ చెప్పేవారట, నవ్వుతూనే ఆగిపోయేవారట.

"అమ్మనులెండి అయ్యగారూ" అన్నారావిడ.

ఫీజు మొదటి వాయిదా మన సంఘంలో ముగ్గురు కలిసి కట్టారు. రెండోది జనవరిలో కట్టాలి. చేయగలిగినవారు నాకు ఫోన్ చేయండి. వసారా రేకులు ఈ వానాకాలానికి ఇలాగే ఉంటాయి.

మీ ఇళ్ళలో తాతల పెట్టెల్లో ఇలాంటివేమైనా ఉంటే దయచేసి తోమకండి. ముందు డబ్బు అడిగినవాడికి పంపకండి. అది ఎలా వచ్చిందో తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఈ వారమే కూర్చుని అడగండి.