అరువు గౌను, సొంత మాట

పాడే మనిషే పాట కూడా కట్టుకుంటే మనం వాగ్గేయకారుడంటాం. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య... ఆ మాట వినగానే వరసగా గుర్తొచ్చేవాళ్లంతా మగవాళ్లే. తరిగొండ వెంగమాంబ పేరు ఎవరో ఒకరు అందిస్తేగాని నోటికి రాదు. నేనిప్పుడు రాయబోయేది ఒక వాగ్గేయకారిణి గురించే. కాకపోతే ఆవిడ మన దేశం మనిషి కాదు. అమెరికాలో పుట్టిన నల్లజాతి స్త్రీ, జాజ్ గాయని. పేరు ఆబీ లింకన్.

జాజ్ అనగానే మన కాంటీన్ బల్ల దగ్గర ఇద్దరు ముగ్గురు నవ్వారు. "మనవాళ్లకి త్యాగరాయ కీర్తనే సరిగ్గా ఎక్కదు, నీ జాజ్ ఎవడిక్కావాలే" అన్నారు. నవ్వనివ్వండి. నేను శాస్త్రం తెలిసి రాయటం లేదు. కాలేజీ ఫంక్షన్లలో స్టేజీ ఎక్కి సినిమా పాటలు పాడేదాన్ని, అంతే. "అచ్చం సుశీలమ్మలాగే పాడావే!" అన్న మాట మూడేళ్లుగా విని విని, అది నాకు మెప్పా లేక సుశీలమ్మగారికి మెప్పా అన్న అనుమానం పట్టుకున్న రోజుల్లో ఆవిడ పాట నా చెవిన పడింది. అందుకని ఇది నా సొంత గొడవ కూడాను.

ఆవిడ అసలు పేరు అన్నా మేరీ వుల్డ్రిడ్జ్. 1930 ఆగస్టు 6న షికాగోలో పుట్టింది, పన్నెండు మంది పిల్లల్లో పదోది. మిషిగన్ రాష్ట్రంలో పల్లెటూరి వాతావరణంలో పెరిగింది. ఇంట్లో పియానో వుండేది. నేర్పేవాళ్లు లేకపోయినా తనే దాని ముందు కూచుని స్వరాలు వెతుక్కునేది. ఇరవై దాటాక కాలిఫోర్నియాలోనూ హొనొలులులోనూ నైట్ క్లబ్బుల్లో పాడింది, గేబీ లీ అన్న పేరుతో. తర్వాత బాబ్ రస్సెల్ అనే పాటల రచయిత ఆవిడ వ్యవహారాలు చూస్తూ పేరు మార్చాడు. లండన్లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ నుంచి సగం, అబ్రహాం లింకన్ నుంచి సగం. ఆ లింకన్ బానిసల్ని విడిపించలేకపోయాడు, ఈ లింకన్ ఏమైనా చేస్తుందేమో చూద్దాం అని ఆయన హాస్యమాడాడట. హాస్యమే అయినా ఎంత దూరం పోయిందో చూడండి.

1956లో మొదటి రికార్డు వచ్చింది. అదే ఏడాది "ద గర్ల్ కాంట్ హెల్ప్ ఇట్" అన్న సినిమాలో ఒక పాట పాడుతూ కనిపించింది. ఒంటికి అతుక్కుపోయిన ఆ గౌను ఆవిడది కాదు. 1953 నాటి సినిమాలో మార్లిన్ మన్రో వేసుకున్న గౌను అది! మరుసటి ఏడు "ఎబొనీ" పత్రిక ముఖచిత్రం మీద కూడా అదే గౌనులో వుంది. పేరు ఎవరో పెట్టింది, గౌను ఎవరో విప్పింది, పాటలో మాట ఎవరో రాసింది. గొంతు ఒక్కటే ఆవిడది. అలాగే నడిచిపోయి వుంటే డబ్బూ పేరూ వచ్చేవేమో కూడా. కానీ డ్రమ్స్ వాయించే మాక్స్ రోచ్ పరిచయమయ్యాడు. ఆ గౌను నీకక్కర్లేదన్నాడు. ఆవిడ దాన్ని తీసుకెళ్లి మంటల్లో పడేసింది. జుట్టు సాపు చేయించుకోవటం కూడా మానేసింది.

1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరో అనే వూళ్లో నలుగురు నల్లజాతి కాలేజీ కుర్రాళ్లు, తెల్లవాళ్లకు మాత్రమే అని కేటాయించిన భోజనాల కౌంటరు దగ్గర కూచుని లేవమన్నారు. మన వయసువాళ్లే సుమండీ. అదే ఏడు రోచ్, ఆస్కార్ బ్రౌన్ జూనియర్ కలిసి చేసిన "వుయ్ ఇన్‌సిస్ట్" రికార్డు అట్ట మీద అలాంటి కౌంటరు బొమ్మే వుంటుంది. అందులో ఒక భాగంలో మాటల్లేవు. డ్రమ్స్ ఒక్కటే తోడు. ఆవిడ మొదట ప్రార్థిస్తున్నట్టు గొంతు తీస్తుంది. తర్వాత నిమిషానికి పైగా కేకలు. పాట కాదు, అక్షరాలా కేకలు. ఆఖరికి అలిసిపోయిన మనిషి వూపిరిలా సద్దుమణుగుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు మధ్యలోనే ఆపేశాను. రెండోసారి ఆపలేకపోయాను.

మరుసటి ఏడు "స్ట్రెయిట్ అహెడ్" అన్న రికార్డు చేసింది. కోల్మన్ హాకిన్స్, ఎరిక్ డాల్ఫీ వంటి ఉద్దండులు పక్కన వాయించారు. థెలోనియస్ మంక్ కట్టిన "బ్లూ మంక్" అనే వరసకి ఆవిడే మాటలు రాసింది. ఆ మంక్ మహానుభావుడు ఒకసారి ఆవిడ చెవిలో, మరీ అంత లోపం లేకుండా పాడొద్దు అన్నాడట! మా సంగీతం మేష్టారు వింటే ఏమంటారో గాని, పోలిక తప్పకుండా పాడాలని ప్రాణం తీసుకునే నాబోటివాళ్లకి అంతకన్న మంచి సలహా ఎవరిస్తారు?

ఆ రికార్డుకి "డౌన్‌బీట్" పత్రికలో వచ్చిన సమీక్ష మాత్రం విషం కక్కింది. నల్లజాతి అన్నదాన్నే ఆవిడ వృత్తిగా పెట్టుకుందని ఆ విమర్శకుడి ఆరోపణ. సంగీతం తక్కువ, ప్రచారం ఎక్కువ అన్నమాట. మనకిది కొత్త వాదనేం కాదు. దళిత కవిత్వం వచ్చినప్పుడూ, స్త్రీవాద కవిత్వం వచ్చినప్పుడూ "ఇది కవిత్వమా, నినాదమా" అన్న పెద్దలు మనకీ వున్నారు. నా మటుకు నాకు ఆ ప్రశ్న వేసేవాళ్ల మీద నమ్మకం లేదు. విరహం పాడితే ప్రచారమని ఎవరూ అనరు గదా. 1962లో అదే పత్రిక ఈ విషయం మీద చర్చ పెట్టింది. ఆవిడా, రోచ్, ఆ విమర్శకుడూ ఎదురెదురుగా కూచుని మాట్లాడుకున్నారు. మాటలైతే అచ్చయ్యాయి గాని, ఆవిడ పేరు మీద మళ్లీ రికార్డు తయారు కావటానికి పన్నెండేళ్లు పట్టింది. అదీ అమెరికాలో కాదు, జపాన్‌లో, 1973లో.

కిందటేడు మా బ్యాచ్‌కి కెరీర్ గురించి చెప్పటానికి వచ్చిన ఒక పెద్దమనిషి బోర్డు మీద మెట్లు గీశారు. ఇరవై రెండుకి ఒక మెట్టు, ముప్ఫైకి ఒక మెట్టు. ఈవిడ బతుకు ఆ బొమ్మలో ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. మధ్యలో సినిమాలున్నాయి. 1964లో "నథింగ్ బట్ ఎ మాన్", 1968లో సిడ్నీ పోయిటియర్‌తో "ఫర్ లవ్ ఆఫ్ ఐవీ". 1962లో రోచ్‌తో జరిగిన పెళ్లి 1970లో విడాకులైంది. తిరిగి కాలిఫోర్నియా చేరి, ఒక గారేజీ మీది వాటాలో కాపురముండి, యూనివర్సిటీలో నాటకం పాఠాలు చెప్పింది. లోకం దృష్టిలో ఇది మెట్లు దిగటమే. కానీ ఆవిడ గట్టిగా సొంత పాటలు కట్టుకోవటం మొదలెట్టింది ఆ కాలంలోనే. మిరియం మకేబాతో ఆఫ్రికా వెళ్లినప్పుడు అక్కడివాళ్లు అమినాటా, మొసెకా అని రెండు పేర్లు పెట్టారు. జపాన్ రికార్డులో తన వంశంలో కలిసిన జాతులన్నిట్నీ పేరుపేరునా పిలుస్తూ "పీపుల్ ఇన్ మీ" అనే పాట కట్టింది. చిన్నపిల్లలు కూడా పాడుకోగలిగినంత తేలిక పాట. ఆవిడ పాటల్లో నాకు నచ్చే గుణం ఇదే. పక్షి, సూర్యుడు, పోగొట్టుకోవటం, ఇల్లు చేరటం... మాటలన్నీ మన అమ్మమ్మలు వాడేలాంటివే. జటిలమంతా గొంతులో వుంటుంది, మాటలో కాదు.

అరవయ్యో ఏట, 1990లో, వెర్వ్ కంపెనీ ద్వారా ఆవిడ మళ్లీ లోకం చెవిన పడింది. 1991లో "యూ గాటా పే ది బాండ్" వచ్చింది. వాయించేవాళ్లకి డబ్బులివ్వకుండా పోవద్దు నాయనా అన్న పాట పేరే ఆ రికార్డుకీ పెట్టారు. (మన యూనియన్ సాంస్కృతిక కార్యదర్శి ఈ పేరు రాసి పెట్టుకోవాలి. తబలా ఆయన ఇంకా అడుగుతూనే వున్నాడు.) అందులో శాక్సోఫోన్ వాయించిన స్టాన్ గెట్జ్ అప్పటికే జబ్బు మనిషి. ఆ ఏడు జూన్‌లోనే పోయాడు. ఇద్దరూ ఎక్కడా తొందరపడరు. ఒకరు ఆపిన చోట రెండోవారు వెంటనే అందుకోరు, కాసేపు ఖాళీ వదిలేస్తారు.

2007లో, డెబ్భయ్యారేళ్ల వయసులో, దాదాపు అన్నీ సొంత పాటలే మళ్లీ పాడి "ఆబీ సింగ్స్ ఆబీ" అన్న రికార్డు చేసింది. అదే చివరిది. 2010 ఆగస్టు 14న న్యూయార్కులో చనిపోయింది. ఆ ఆఖరి రికార్డులో శ్రుతి అక్కడక్కడా జారుతుంది, గొంతు బొంగురుపోతుంది. ఒక రాత్రి హాస్టల్లో పెట్టుకుని వింటూంటే నా రూమ్మేటు దుప్పట్లోంచి తల బైటపెట్టి, "ఎవరే ఈ అవ్వ? పాడుతోందా, మనకేదో చెబుతోందా?" అంది. అని మళ్లీ ముసుగు పెట్టలేదు. పాట అయ్యేదాకా అలాగే కూచుంది.

వినాలనుకునేవాళ్లు 1991 నాటి రికార్డుతో మొదలెట్టండి. 1960 నాటిది మాత్రం హాస్టల్లో గట్టిగా పెట్టకండి. ఆ కేకలకి వార్డెన్ గారు పరుగెత్తుకొస్తారు.