నిద్ర మాత్రా, ఊలు ఉండా

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ప్రతి వారమూ నాలుగైదు నిద్ర గురించే వుంటాయి. "డాక్టరుగారూ, రాత్రి రెండింటిదాకా కన్ను మూతపడదు. మా వీధి మందుల షాపతను ఇచ్చిన మాత్ర వేసుకుంటే పడుతోంది. వాడవచ్చునా?" అని అడుగుతారు. నేను వెంటనే సమాధానం రాసేస్తాను. "వద్దు. డాక్టరుకు చూపించుకోకుండా నిద్ర మాత్ర వాడకండి. అలవాటవుతుంది." అలా రాసి, కలానికి మూత పెట్టి, లేచి వెళ్ళి నేనొక నిద్ర మాత్ర వేసుకుని పడుకునేదాన్ని.

మీరు సరిగ్గానే చదివారు. రెండున్నర ఏళ్ళు అలాగే గడిపాను. ఇప్పుడు ఆ మాత్ర లేదు. అది పోవడానికి 2024 సంవత్సరం ఎలా గడిచిందో ఈ వారం మీకు చెబుతాను. ఇన్నాళ్ళూ మీ సంగతులు మీరు నాకు దాచకుండా రాశారు. నాది నేను దాచుకోవడం న్యాయం కాదు.

2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు మా ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణుల వార్డు నా చేతిలో వుంది. ఆ రెండు నెలల సంగతి వివరంగా రాయను. ఆ రోజులు మీ ఇళ్ళలోనూ గడిచాయి. తర్వాత వార్డు ఖాళీ అయింది గాని, నా నిద్ర తిరిగి రాలేదు. అర్ధరాత్రి ఆక్సిజన్ సిలిండర్ దొర్లిస్తున్న చప్పుడు వినపడి లేచి కూర్చునేదాన్ని. వారం రోజులు వాడి మానేద్దామని ఆల్ప్రజోలం పావు మిల్లీగ్రాము మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి అది అర మిల్లీగ్రాము అయింది. చీటీ రాసేదీ నేనే, మింగేదీ నేనే. ఇక అడిగేవారెవరు?

2023 డిసెంబరులో ఒక ఉదయం వార్డుకు వెళ్ళాను. రాత్రి చేరిన ఒక గర్భిణికి రక్తపోటు బాగా ఎక్కువగా వుందని కేసు షీటులో చూసి, "నాకెందుకు ఫోను చెయ్యలేదు?" అని సిస్టరుమీద కేకలేశాను. ఆ అమ్మాయి బిత్తరపోయి, "రెండుసార్లు చేశానమ్మా. మీరు చెప్పినట్టే ఇచ్చాను" అంటూ షీటు తిప్పి చూపించింది. మందు పేరు, మోతాదు, వేళ అన్నీ రాసి వున్నాయి. అన్నీ సరిగ్గానే వున్నాయి. తల్లీ బాగానే వుంది, బిడ్డా బాగానే వుంది. కాని ఆ ఫోను సంగతి నాకు ఒక్క ముక్క జ్ఞాపకం లేదు. నేను చెప్పింది తప్పయివుంటే? ఆ ప్రశ్నతో కాళ్ళు వణికి అక్కడే స్టూలుమీద కూలబడ్డాను.

ఆ సాయంత్రమే నాతోపాటు చదువుకున్న స్నేహితురాలికి ఫోను చేశాను. ఆమె మానసిక వైద్యురాలు. ముందు కడుపారా తిట్టింది. తర్వాత, "ఇవాళ్టినుంచి నీ చీటీ నేను రాస్తాను. నువ్వు కలం ముట్టుకోకు. అలాగని రేపే మానేస్తానని వీరత్వం చూపించకు" అంది.

ఈ మాట మీరు కూడా గుర్తుంచుకోండి. ఈ జాతి మాత్రలు కొన్నాళ్ళు వరసగా వాడినవారు ఒక్కసారిగా ఆపకూడదు. గుండెదడ, వణుకు, విపరీతమైన ఆందోళన వస్తాయి. కొందరికి మూర్ఛ కూడా రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కన వారాలమీద, నెలలమీద కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. నాకు ఆరు నెలలు పట్టింది.

నా స్నేహితురాలు మూడు షరతులు పెట్టింది. రాత్రి ఎంతసేపు మేలుకున్నా తెల్లవారి అయిదున్నరకు లేవాలి. మధ్యాహ్నం తర్వాత కాఫీ తాగకూడదు. పక్కమీద చేరాక ఇరవై నిమిషాలపాటు నిద్ర పట్టలేదనిపిస్తే, అక్కడే దొర్లకుండా లేచి వేరే గదిలోకి వెళ్ళి, నిద్ర ముంచుకొచ్చేదాకా ఏదైనా నెమ్మదైన పని చేసుకోవాలి. గడియారం చూడకూడదు. ఫోను అసలు ముట్టుకోకూడదు. పక్క అంటే నిద్ర అని శరీరానికి మళ్ళీ నేర్పడమన్నమాట. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకన్నా ముందు చెయ్యవలసిన చికిత్సలో ఇదొక భాగం.

"నెమ్మదైన పనంటే ఏం చెయ్యను?" అన్నాను.

"హాస్టల్లో నవలలు మింగేదానివి. మీ అమ్మ నేర్పిన అల్లిక కూడా వుందిగా!"

మా అమ్మ వారపత్రికల్లో వచ్చే అల్లికల పేజీలు కత్తిరించి, ట్రంకుపెట్టెలో దాచుకునేది. ఆ పెట్టె అటకమీదే వుంది. తీసి చూస్తే పది నంబరు సూదులు తుప్పు లేకుండా వున్నాయి. కాని, మా కోస్తా ఉక్కలో స్వెట్టరు ఎవరికి? ఆలోచిస్తే సమాధానం నా వార్డులోనే కనిపించింది. మన్యంనుంచి కాన్పుకు వచ్చేవాళ్ళు మా దగ్గర చాలామంది. పాడేరు, లంబసింగి వైపు డిసెంబరు, జనవరి చలి ఎలా వుంటుందో మీకు తెలుసు. పుట్టిన బిడ్డ పెద్దవాళ్ళలా వణికి వేడి పుట్టించుకోలేదు. వొంటితో పోలిస్తే తల పెద్దది. అక్కడినుంచి వేడి త్వరగా పోతుంది. రెండున్నర కిలోలకంటె తక్కువ బరువున్న బిడ్డకయితే ఇది ప్రాణంమీదికి వచ్చే సంగతి. అందుకని టోపీలు అల్లడం మొదలుపెట్టాను. సన్న ఊలుతో 80 కుట్లు ఎక్కించి, రెండు సూటి, రెండు తిరగ కుట్లు వేసుకుంటూ పోతే సాగే టోపీ వస్తుంది.

జనవరి, ఫిబ్రవరి నెలలు కష్టంగా గడిచాయి. మాత్ర తగ్గించినప్పుడల్లా చేతులు వణికేవి. పక్కింట్లో గిన్నె పడినా గుండె దడదడలాడేది. ఆ నెలల్లో అల్లిన టోపీలలో ఒక కుట్టు బిగువు, ఒకటి వదులు. వాటిని బిడ్డలకు పెట్టడానికి మనసొప్పలేదు. ఒకటి మాత్రం బీరువాలో దాచాను. ఏప్రిల్‌లో అల్లినదాన్ని దాని పక్కన పెట్టి చూసుకున్నప్పుడు, రక్తపరీక్ష రిపోర్టు బాగా వచ్చినంత సంతోషం కలిగింది.

చేతులు అలిసినప్పుడు పుస్తకం తీసేదాన్ని. ఏడాదిలో పందొమ్మిది పుస్తకాలయ్యాయి. డాక్టరు పి. శ్రీదేవి నవల 'కాలాతీత వ్యక్తులు' ముప్ఫయి ఏళ్ళ తర్వాత మళ్ళీ చదివాను. ఇందిర పాత్రను కాలేజీ రోజుల్లో తిట్టుకున్నాను. ఈసారి ఆమె బరువు నాకు తెలిసింది. వైద్యం చదివి, అంత నవల రాసి, 1961లో చిన్నవయసులోనే ఆవిడ వెళ్ళిపోయింది. చెహోవ్ కూడా డాక్టరే. 1892లో ఆయన రాసిన 'ఆరో నంబరు వార్డు' కథలో డాక్టరు చివరకు తన వార్డులోనే రోగి అవుతాడు. మార్చిలో ఒక రాత్రి అది చదివి, పుస్తకం మూసి, చాలాసేపు అలాగే కూర్చున్నాను. నిద్రకోసం చదవదగిన కథ కాదది. అయినా చదివినందుకు విచారం లేదు. ఉత్కంఠ నవలలు మాత్రం రాత్రిపూట పెట్టుకోకండి. అవి తెల్లవారేదాకా వదలవు.

జూన్ చివరికి మాత్ర పూర్తిగా పోయింది. అక్కడితో కథ సుఖాంతమని రాయాలనే వుంది గాని, ఆగస్టు వచ్చింది. ఒక తల్లిని దక్కించుకోలేకపోయాం. ఆ రాత్రి ఇల్లంతా మాత్రకోసం వెతికాను. సొరుగులు, హ్యాండ్‌బ్యాగు, పాత పర్సు అన్నీ తీశాను. ముందే అన్నీ పారేయించిన నా స్నేహితురాలికి దణ్ణం పెట్టాలి. చివరికి సూదులు పట్టుకుని నాలుగింటిదాకా అల్లుతూనే వున్నాను. తెల్లవారి చూస్తే ఒక్క వరస సరిగ్గా లేదు. అంతా విప్పి ఉండ చుట్టేశాను. అయిదున్నరకు స్నానం చేసి డ్యూటీకి వెళ్ళాను. మర్నాటి రాత్రి నిద్ర దానంతటదే పట్టింది.

ఏడాది మొత్తానికి పనికొచ్చే టోపీలు నలభై ఒకటి అయ్యాయి. డిసెంబరులో మన్యంనుంచి వచ్చిన ఒక పెద్దావిడ మనవడి తలమీద టోపీని తడిమి చూసి, "మీరే అల్లారా డాక్టరమ్మా? ఇంత తీరిక ఎక్కడిదమ్మా మీకు?" అంది. తీరిక కాదు, నిద్ర పట్టక అని చెప్పాను. "నాకూ పట్టదమ్మా, ఈసారి వచ్చినప్పుడు నాకూ నేర్పు" అంది.

ఇక మీకు చెప్పవలసినవి. అల్లిక నిద్రలేమికి మందని నేననడం లేదు. నాకు మేలు చేసింది తగ్గింపు లెక్క, లేచే వేళ, నా చీటీ మరొకరు రాయడం. అల్లికా, పుస్తకమూ ఆ రాత్రులు గడవడానికి సాయపడ్డాయి. మీకు పూలమాలలు కట్టడమో, వత్తులు చెయ్యడమో నచ్చవచ్చు. ఏదైనా పక్కమీద కాకుండా కుర్చీలో కూర్చుని చెయ్యండి. అరగంటకొకసారి చేతులు దించి, మెడ అటూ ఇటూ తిప్పండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే సూదులు పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోండి. నలభై దాటినవారు అద్దాలు లేకుండా కళ్ళు చికిలించి కుట్లు లెక్కపెట్టకండి.

ఇంట్లో పసిబిడ్డ వుంటే పొట్టా, అరికాళ్ళూ ముట్టి చూడండి. రెండూ వెచ్చగా వుంటే సరే. పొట్ట వెచ్చగా, కాళ్ళు చల్లగా వుంటే బిడ్డను తల్లి గుండెకు ఆనించి పైన దుప్పటి కప్పండి. రెండూ చల్లగా వుంటే అలా తల్లికి ఆనించి వుంచుతూనే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పుట్టిన మొదటి రోజు స్నానం వద్దు. ఎండాకాలంలో ముద్దుగా వుందని ఊలు టోపీ పెట్టి ఉడికించకండి.

నిద్ర మాత్ర వాడుతున్నామని నాకు రాసిన వారందరికీ ఇదివరకు ఒక్క ముక్కలో జవాబిచ్చాను. దానికి ఈ వ్యాసం ద్వారా క్షమాపణ చెప్పుకుంటున్నాను. మీ దగ్గరలోని డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఎన్నాళ్ళుగా ఎంత మోతాదు వాడుతున్నారో దాచకుండా చెప్పండి. సిగ్గుపడకండి. నేను చెప్పుకోలేదా?