రేకుల మస్జిద్, పేరు తప్పిన గ్రంథం

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో మా కుమార్తె ఇంట కొన్నాళ్ళు గడిపిన సందర్భంలో, అల్లుడితో కలిసి బ్రోకెన్ హిల్ పట్టణాన్ని చూసి వచ్చాము. అడిలైడ్‌కు ఈశాన్యంగా దాదాపు 500 కిలోమీటర్ల ప్రయాణం. దారి పొడవునా ఎర్రని నేల, అక్కడక్కడా పొదలు. పట్టణం న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానిదే అయినా గడియారం మాత్రం అడిలైడ్‌దే.

1883లో చార్లెస్ రాస్ప్ అనే పశుక్షేత్రపు పనివాడు ఇక్కడ ఖనిజాన్ని కనుగొన్నాడు. వెండి, సీసం, జింకు ఊరిని పెంచాయి. వీధులకు సైతం సల్ఫైడ్, క్లోరైడ్, ఆక్సైడ్ అని పేర్లు పెట్టారు. రైలు చేరని చోట్లకు సరుకులు మోయడానికి, ఉన్ని తరలించడానికి ఒంటెలు కావలసివచ్చాయి. వాటితో ముస్లిములు వచ్చారు. ఆఫ్ఘనిస్తాన్, బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ ప్రాంతాల ఈ మనుషులందరికీ స్థానికులు పెట్టిన పేరు ఒక్కటే: ‘ఆఫ్ఘన్లు’.

ఊరికి ఉత్తరాన నార్త్ బ్రోకెన్ హిల్ అనే నివాస ప్రాంతం ఉంది. ఒకనాడు ఒంటెలవారి విడిది అక్కడే. విలియం, బక్ వీధులు కలిసే మూలన, మామూలు ఇళ్ళ నడుమ, ఎర్రరంగు వేసిన రేకుల మస్జిద్ నిలిచి ఉంది. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో కట్టినది. మీనార్ లేదు, గుమ్మటం లేదు. నీటికి కటకటలాడిన ఆ ఊరిలోనూ వుజూకు వాకిట తొట్టి కట్టుకున్నారు. మనకువలెనే అక్కడా ఖిబ్లా పడమర దిక్కే. ఆవరణలో నిలబడి రెండు రకాతులు చేసుకున్నాము.

ఆ పురుషులలో అత్యధికులు కుటుంబాలను వెంట తెచ్చుకోలేదు. 1901 నాటి వలస నిరోధక చట్టం ఆ దారిని మరింత మూసివేసింది. 1920లలో మోటారు లారీలు ఒంటెల పనిని లాగేసుకున్నాయి. నమాజుకు నిలిచే వరుస తరిగిపోయింది. చివరకు స్థానిక చరిత్ర సంఘమే మస్జిద్‌ను కాపాడి ప్రదర్శనశాలగా మార్చింది. వారికి మనం కృతజ్ఞులమై ఉండాలి.

అయితే, చరిత్రకారిణి సామియా ఖాతూన్ తన ‘ఆస్ట్రేలియానామా’ (2018) గ్రంథంలో ఒక విశేషం వెల్లడించారు. ఈ మస్జిద్‌లో పవిత్ర ఖుర్‌ఆన్ అని చీటీ అంటించి భద్రపరచిన గ్రంథాన్ని ఆమె తెరిచి చూస్తే, అది కలకత్తాలో అచ్చయిన బెంగాలీ పద్యకావ్యం ‘కససోల్ అంబియా’, అంటే ప్రవక్తల గాథలు! భక్తితో దాచారు గాని, చదవగలిగినవారు లేక దాని పేరే మారిపోయింది. మనుషులకు ఒక్క పేరు పెట్టినట్టే, గ్రంథానికీ పెట్టారు.

ఇది పరాయివారి పొరపాటని నవ్వి ఊరుకుందామా? పాఠకులారా! మన ఇళ్ళలో జుజ్‌దాన్‌లో చుట్టి అటక మీద పెట్టిన తాతల ఉర్దూ పుస్తకాలెన్ని? వాటిలో ఏది తఫ్సీరో, ఏది వైద్యమో, ఏది కవిత్వమో చెప్పగల పిల్లలెందరు? ముప్పై ఏళ్ళుగా పరుల పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న మేము, మా మనుమలకు ఉర్దూ నేర్పలేకపోయాము.

ఇంటికి రాగానే మా తండ్రిగారి పెట్టె తెరిచాము. మనుమలను పక్కన కూర్చోబెట్టుకొని, ఒక్కొక్క పుస్తకం పేరు చదివి వినిపించాము. ఆ పేరును, అందులోని విషయాన్ని తెలుగులో వారి చేతనే రాయించి లోపల పెట్టాము. ఇంకా సగం పెట్టె మిగిలి ఉంది. అల్లాహ్ పూర్తిచేసే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.