ఆగిన బండి చెడిన బండి కాదు

బదిలీల కుటుంబాల్లో ఒక అలవాటు ఉంటుంది. వెంట తీసుకెళ్ళలేనివన్నీ ఊళ్ళో తాతగారింటికి చేరతాయి. గోనెపట్టా చుట్టిన సైకిలు, మూత వేసిన కుట్టుమిషను, వసారాలో నిలబెట్టిన స్కూటరు. "వచ్చే బదిలీకి తెచ్చుకుందాం" అనుకుంటాం. మూడేళ్ళు, ఆరేళ్ళు గడిచిపోతాయి. పిల్లలూ, మీకూ అలాంటి వస్తువులు ఉండే ఉంటాయి. అలా ఆగిపోయినదాన్ని మళ్ళీ పనిలోకి ఎలా తెస్తారో గత వేసవి సెలవుల్లో దగ్గరుండి చూశాను. అయితే అది సైకిలు కాదు, మట్టి తవ్వే బండి.

నూజివీడు దగ్గర మా మేనమామకు మామిడితోట ఉంది. తోట పనికి ఒక మినీ ట్రాక్టరు, దాని వెనక బిగించిన తవ్వే చెయ్యి ఉన్నాయి. రోడ్ల మీద కనిపించే పెద్ద పసుపు బండిని మనం జేసీబీ అంటాం కదా! అవి జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే ఆయన పేరులోని పొడి అక్షరాలు. 1945లో ఇంగ్లండులో ఆయన పెట్టిన కంపెనీ పేరే మన నోళ్ళలో బండి పేరైపోయింది. అలాంటి బండిని బ్యాక్‌హో అంటారు. మామయ్య బండి దానికి తమ్ముడు. చెట్ల వరసల మధ్య కొమ్మ విరగకుండా దూరి కందకం తవ్వగలదు. దాన్ని నడిపేది మా బావ. ఆయనకు దూరంగా ఉద్యోగం రావడంతో బండి పశువుల పాక పక్కనే ఆరేళ్ళు నిలబడిపోయింది. బండికి ఏ జబ్బూ రాలేదు, నడిపే మనిషి ఊరు మారాడు, అంతే.

ఆ వేసవిలో తోటలోని బోరు సన్నగిల్లింది. తొలకరి లోపల కందకాలు తవ్వితేనే వాననీరు తోటలో ఇంకుతుంది. మరోపక్క పాత ఇనుము కొనేవాళ్ళు తూకం లెక్కన బేరం కుదుర్చుకుని, ఆదివారం లారీ తెస్తామన్నారు. అప్పటికి నాలుగు రోజులే గడువుంది.

"ఇంకో ట్రాక్టరుకు కట్టి లాగితే అదే స్టార్టవుతుంది" అన్నారు వీధిలో కుర్రాళ్ళు. పక్క ఊరి నుంచి వచ్చిన పెద్ద మెకానిక్ ఒప్పుకోలేదు. "ఆరేళ్ళు మంచం పట్టిన మనిషిని లేపీ లేపగానే పరుగెత్తిస్తారా బాబూ?" అన్నాడు.

మొదటి రోజు ఆయన తాళంచెవి ముట్టుకోలేదు. సైలెన్సరులో కందిరీగల గూడు, గాలి ఫిల్టరు డబ్బాలో ఎలుకల గడ్డి ఉంటే తీసేశాడు. పాత ఇంజనాయిలు దించి చూశాడు. అది పాలలా తెల్లబడితే లోపల నీళ్ళు కలిసినట్టట. నల్లగానే ఉంది. తర్వాత సిలిండర్లలో కొంచెం నూనె పోసి రాత్రంతా వదిలేశాడు. పొద్దున్నే పానా పెట్టి చేత్తోనే ఇంజను తిప్పాడు. ముందు కదల్లేదు. కాసేపటికి పావు చుట్టు, ఆపైన పూర్తి చుట్టు తిరిగింది. "పట్టెయ్యలేదు మాస్టారూ" అని నా వైపు చూసి నవ్వాడు.

రెండో రోజు డీజిలు పని. ఏళ్ళ తరబడి నిలవ ఉన్న డీజిలు జిగురు కడుతుంది. ట్యాంకులోని గాలిలో ఉన్న తేమ నీరై అడుగుకు చేరుతుంది. ఆ నీటికీ డీజిలుకూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి, ఆ నాచులాంటి పదార్థం ఫిల్టరును మూసేస్తుంది. అందుకే ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, కొత్త డీజిలు పోశాడు. తర్వాత గొట్టాల్లోని గాలి తీశాడు. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు మండుతుంది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో పరీక్షించి చూపించిన పద్ధతి ఇదే. గొట్టంలో గాలి బుడగ మిగిలితే డీజిలు సరిగా చిమ్మదు.

మూడో రోజు చెయ్యి వంతు. దాన్ని కదిపేది నూనె ఒత్తిడి. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట పెంచిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా అందుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రం మీ సైన్సు పాఠంలో ఉంటుంది. 1 చదరపు సెంటీమీటరు పిస్టన్ మీద పెట్టిన బలం 20 చదరపు సెంటీమీటర్ల పిస్టన్ దగ్గర 20 రెట్లవుతుంది. అందుకే ఆ గొట్టాల విషయంలో జాగ్రత్త. సన్నటి చిల్లు లోంచి చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోగలదు. కారుతోందేమో చేత్తో తడిమి చూడకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. పగుళ్ళిచ్చిన రెండు రబ్బరు గొట్టాలు మార్చి, ప్రతి కీలుకూ గ్రీజు కొట్టాడు.

శనివారం సాయంత్రం తాళం తిప్పాడు. రెండుసార్లు మూలిగింది. మూడోసారి తెల్లటి పొగ కక్కి, దగ్గి, అందుకుంది. మామయ్య ఏమీ అనలేదు, కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు కూడా మెకానిక్ తొందరపడలేదు. నెమ్మదిగా తిరగనిచ్చాడు. చెయ్యి మొదట కుదుపులతో లేచింది. నూనెలోని గాలి పోయేదాకా ఎత్తి దించుతూ ఉంటే సాఫీ అయింది. మర్నాడు లారీ ఖాళీగా వెనక్కి వెళ్ళింది. జూన్ చివర్లో మామయ్య ఫోన్ చేసి, కందకాల్లో నీళ్ళు నిలిచాయని చెప్పారు.

ఏటా మా తరగతికి కొత్త ఊరి నుంచి వచ్చే పిల్లల్లో ఒకరైనా "నాకు తెలుగు రాదు సార్" అంటారు. అడిగితే రెండో తరగతి దాకా చదివారని, తర్వాత తెలుగు లేని బడికి వెళ్ళారని తెలుస్తుంది. వాళ్ళకు వెంటనే పెద్ద పాఠం ఇస్తే అది తాడు కట్టి లాగడమే. ముందు సొంత పేరు, అమ్మమ్మ పేరు, ఇంట్లో వండే కూరల పేర్లు రాయిస్తాను. తర్వాత అమ్మమ్మకు రెండు వాక్యాల ఉత్తరం. మొదట్లో అక్షరాలు కుదుపులతోనే వస్తాయి, రానివ్వండి. "రాదు" అనే బదులు "ఆగింది" అనండి. ఆగినదాన్ని నడిపించే పద్ధతి ఉంది.

ఈ సెలవుల్లో తాతగారింట్లో మీ సైకిలు గోనెపట్టా విప్పండి. చక్రాలకు గాలి కొట్టి, గొలుసుకు నూనె వేయండి. ఎక్కే ముందు మాత్రం బ్రేకులు చూసుకోండి.