నీళ్ళమీద నిలకడ

పడవ లేకుండా, ఒక పలకమీద నిలబడి నీళ్ళపై గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంతో పోవచ్చునంటే నమ్ముతారా? 1960 ప్రాంతాల జర్మనీలో బ్రూనో రిక్సెన్ అనే ఇంజనీరు ఇందుకు ఉపాయం కనిపెట్టాడు. చెరువు చుట్టూ స్తంభాలు, వాటిమీద మోటారుతో తిరిగే ఉక్కుతీగ. దాన్నుంచి వేలాడే తాడు పిడిని పట్టుకుంటే చాలు, తీగే లాక్కుపోతుంది.

ఈ సంగతి నాకు చెప్పినవాడు జర్మన్ కాదు, మా కోరుట్ల మేనల్లుడు! అబూదాబీలో అలాంటి ఆటస్థలంలో పనిచేస్తూ సెలవుమీద వచ్చాడు. గల్ఫుకు మనిషిని పంపని వీధి ఇటు అరుదు. జగిత్యాలలో నక్షత్రం ఆకారపు కోటను చూసుకుని నేను కోరుట్ల చేరాక, ఇద్దరం కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ వెళ్ళి, రాజన్న దర్శనం చేసుకుని మానువాడ చేరాము.

మానేరుమీద కట్టిన ఈ జలాశయం 27 టి.ఎం.సీ.ల పైచిలుకు పడుతుంది. 2019లో ఎత్తిపోతల నీళ్ళు ఇందులోకి వచ్చాయి. కొదురుపాక, నీలోజిపల్లి వంటి ఊళ్ళు మునిగాయి. మా అక్కయ్య అత్తవారి ఇల్లూ అందులోనే పోయింది. ఆమెకు ఆ నీళ్ళు చూడబుద్ధి కాదు, మాతో రాలేదు.

బెస్తవారి తెప్ప ఒకటి బతిమాలి ఎక్కాము. నేను కూలబడ్డాను. వాడు మోకాళ్ళు కాస్త వంచి నిటారుగా నిలబడ్డాడు.

"మోకాళ్ళు బిగవట్టొద్దు మామా. చేతులు మాత్రం వంచొద్దు, పిడి నడుముకాడ ఉండాలె. తీగ గుంజుతది, మనం గుంజొద్దు. గుంజితే ఎనుకకు పడతం."

నిలకడ కుదిరాక ఒక చెయ్యి వదలాలట. ఆపైన బరువు వెనక కాలిమీద మోపి పలక ముక్కు పైకి లేపి జారడం, తర్వాత ముందు కాలిమీద మోపి తోక లేపడం. పిడిని తుంటికి దగ్గరగా లాక్కుంటే పలకను వెనుకముందులుగా తిప్పవచ్చు. ఇదంతా తెప్పమీద చేసి చూపబోతే తెప్పవాడు తెడ్డెత్తి కసిరాడు. నాకూ గుండె దడదడలాడింది.

"మీ ఇల్లు ఎక్కడుండేదిరా?" అన్నాను.

"గీడనే, తెప్ప కిందనే ఉండొచ్చు," అన్నాడు గాని తల దించలేదు. "కిందికి చూస్తే నిలకడ పోతది మామా."

సాయంత్రం సిరిసిల్ల చేరాము. ఆ మరమగ్గాల మోతలో వాడు నా చెవి దగ్గర నోరుపెట్టి, పలక ఎక్కే సంగతి అమ్మకు చెప్పవద్దని బతిమాలాడు. వచ్చే ఆదివారం వాడి విమానం. అక్కయ్య ఈ పత్రికలో సీరియల్ తప్ప మరేదీ చదవదన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.